కాపీ కొట్టింది నేనే సార్

ఎమ్మెస్సీ మొదటి సంవత్సరంలో పదకొండు అసైన్‌మెంట్లు కాపీ కొట్టాను. పన్నెండోది కొట్టలేదు. దొంగనని ఒప్పుకున్నది మాత్రం ఆ పన్నెండో దానికి.

ముప్పయ్యేళ్ళు దాటింది. ఒక్క మనిషికి తప్ప ఈ సంగతి ఎవరికీ తెలియదు. ఆమెకి కూడా నేను చెప్పలేదు, ఆమే కనుక్కుంది. మనసులో బరువు దించుకుందామని ఇప్పుడు ఇది రాయడంలేదు. ఇందులో నాకు ఇప్పటికీ తెగని లెక్క ఒకటుంది. అది మీ ముందు పెడదామని రాస్తున్నాను.

మాది గుంటూరు జిల్లాలో ఒక ఊరి మాదిగపల్లె. నాన్న చెప్పులు కుట్టేవాడు, పనులున్న రోజుల్లో కూలికి పోయేవాడు. అమ్మా అక్కా కూలికే. ఆరో తరగతి నుంచి నేను సాంఘిక సంక్షేమ హాస్టళ్ళలో పెరిగా. బి.ఎస్సీ. దాకా తెలుగు మీడియమే. లెక్కలంటే నాకు ప్రాణం. తెలుగు వాచకంలో పద్యం చదివితే మా యాస విని నవ్వేవాళ్ళు. లెక్కకి యాస లేదు. జవాబు వచ్చిందంటే వచ్చినట్టే, పంతులు కూడా ఏమీ చెయ్యలేడు. సమితులు, ప్రమేయాలు, అవధులు, అవిచ్ఛిన్నత, సమూహాలు, వలయాలు అన్నీ తెలుగు అకాడమి పుస్తకాల్లో చదువుకుని 1993లో యూనివర్శిటీలో ఎమ్మెస్సీ లెక్కల్లో చేరాను. ఏ యూనివర్శిటీయో రాయను. రాసినా కథలో ఏమీ మారదు.

మొదటి క్లాసు రియల్ అనాలిసిస్. సారు లోపలికొచ్చి, బోర్డు వైపు తిరిగి, "లెట్ ఎప్సిలాన్ బి గ్రేటర్ దేన్ జీరో" అని మొదలుపెట్టారు. గంటసేపు మాకు ఆయన వీపే కనపడింది. బోర్డు మీదివి సగం నాకు తెలిసినవే. కానీ ఊళ్ళో మనతో కలిసి తిరిగినవాళ్ళు పట్నంలో పేర్లు మార్చుకుని, మనల్ని ఎరగనట్టు పక్కనుంచి పోతుంటే ఎట్టా ఉంటది? అట్టా ఉంది. 'లిమిట్' అంటే అవధి అని గుర్తొచ్చేలోపల ఆయన 'కంటిన్యూయిటీ'లోకి పోయేవారు. అది అవిచ్ఛిన్నత అని పట్టుకునేలోపల బోర్డు తుడిచేసేవారు.

ఇంగ్లీషు ఒక్కటే అయితే ఆరునెలల్లో పట్టుకుందును. అసలు చిక్కు రెండు మాటల దగ్గరొచ్చింది. ఒకటి 'క్లియర్లీ', రెండోది 'ట్రివియల్'. ఒక వరస నుంచి ఇంకో వరసకి ఎట్టా పోయారో నాకు తెలియని ప్రతిచోటా ఆయన 'క్లియర్లీ' అనేవారు. ట్రివియల్ అంటే ఏందా అని నిఘంటువు తీస్తే 'అల్పమైన' అని ఉంది. అంటే అల్పమైన సంగతి కూడా ఎక్కనివాణ్ణి నేను. తర్వాత్తర్వాత నేనే పాఠాలు చెప్పే పనిలోకొచ్చాక తెలిసింది, 'క్లియర్లీ' అన్నచోట ఐదారు వరసల రుజువు ఉంటదని. ఆ ఐదారు వరసలు ముందే నేర్చుకొచ్చినవాళ్ళతో ఆయన మాట్లాడుతున్నారు. మిగతావాళ్ళం కూడా ఆ గదిలో ఉన్నామని ఆయనకి తట్టలేదు. ఆయన చెడ్డవాడని అనను. తట్టలేదు, అంతే. తట్టకపోవడం ఎంతవరకు తప్పు అనేది ఇంకో వ్యాసం.

క్లాసు చివర్లో "అర్థమైందా?" అని అడిగేవారు. ముందు బెంచీలు "ఎస్సార్" అనేవి. వెనక మేం తలూపేవాళ్ళం. ఆ యూనివర్శిటీలో నేనాడిన మొదటి అబద్ధాలు అవే.

ఇక్కడ మా అమ్మ సంగతి చెప్పాలి. కోతలప్పుడు కూలికి వడ్లు కొలిచేవాళ్ళు. ఆసామి మనిషి కుంచం వంచి పట్టుకుని పైపైన పోస్తుంటే మా అమ్మ ఊరుకునేది కాదు. "ఏందది, నిటారుగా పట్టుకో. ఇంకోసారి కొలువు, నా కళ్ళముందర కొలువు" అనేది. వేలిముద్ర మనిషి. ఎవరి లెక్కా నోటిమాట మీద ఒప్పుకునేది కాదు. రుజువు కావాలనేది. ఆమె కడుపున పుట్టి, రుజువే చదువుగా ఉన్న క్లాసులో కూర్చుని, "సార్, ఇంకోసారి చెప్పండి" అనలేకపోయాను. ఎందుకు అనలేకపోయానో చాలాకాలం ఆలోచించా. ఆమె అడిగింది ఆమె కూలి. నా సీటు మాత్రం ఎవరో దయతో పడేసిందని చుట్టూ అందరూ అంటుంటే నేనూ ఎక్కడో నమ్మానేమో. 1990లో, మండల్ గొడవప్పుడు, నేను బి.ఎస్సీ.లో అప్పుడే చేరాను. నిరసన అని చెప్పి అగ్రకులాల పిల్లలు రోడ్ల మీద బూట్లు పాలిష్ చేశారు, చీపుర్లు పట్టారు. మా నాన్న పొద్దున లేస్తే చేసే పని వాళ్ళకి అవమానానికి గుర్తు. అది చూసినవాడికి క్లాసులో చెయ్యెత్తడం అంత తేలిక కాదు. దయకి తీసుకున్నవాడు ఇంకోసారి కొలవమనడు గదా.

పదిహేను రోజులకొక అసైన్‌మెంటు. ఇంటర్నల్ మార్కులు వాటిమీదే. రూడిన్ పుస్తకంలోవి, హెర్‌స్టైన్ పుస్తకంలోవి లెక్కలు ఇచ్చేవారు. మొదటిదానికి మూడు రాత్రులు కూర్చున్నా ఒక్క లెక్క కదల్లేదు. నాలుగో రాత్రి మా క్లాస్‌మేటు ఒకడి గదికి పోయి తలుపు కొట్టాను. విజయవాడ రెసిడెన్షియల్ కాలేజీలో ఇంగ్లీషు మీడియం చదివినవాడు. వాళ్ళ నాన్న ఇంజనీరు. "దాందేముంది, తీసుకో. పొద్దున్నే ఇచ్చెయ్" అన్నాడు. పదకొండుసార్లు అడిగితే పదకొండుసార్లూ ఇచ్చాడు. ఒక్కనాడు కులం ఎత్తలేదు. ఎత్తాల్సిన అవసరం రాలేదు కూడా.

కాపీ కొట్టడం దొంగతనమా? అవునంటారు. నేనూ మా కాలేజీ పిల్లలకి అట్టాగే చెబుతా. అయితే ఒక మాట. అర్థం తెలియకుండా వేదం వల్లె వేసినవాణ్ణి ఈ దేశం పండితుడంది. అర్థం తెలియకుండా రూడిన్ లెక్క ఎత్తి రాసిన నేను దొంగని. మొదటి నాలుగూ ముక్కకి ముక్క ఎత్తి రాశాను. ఐదోదాన్ని రాస్తున్నప్పుడు, ఈ వరస తర్వాత ఆ వరస ఎందుకొచ్చింది అని చెయ్యి ఆగింది. ఎనిమిదోదానికి వాడి లెక్కలో తప్పు కనపడింది. చెప్పలేదు. ఆ తప్పుతోనే రాశా. క్లాసులో దొరకని చదువు నాకు దొంగతనంలో దొరికింది. దీన్ని సమర్థింపు అనుకోవద్దు. జరిగింది చెబుతున్నా.

పన్నెండోది 1994 ఫిబ్రవరిలో. యూనిఫాం కన్వర్జెన్స్ మీద. లెక్కలు చదవని పాఠకులు ఒక్క పేరా ఓపిక పట్టాలి. సున్నాకీ ఒకటికీ మధ్యనున్న ఏదైనా సంఖ్యని తీసుకుని దాన్ని దానితోనే మళ్ళీ మళ్ళీ గుణించుకుంటూ పోతే అది సున్నాకి దగ్గరవుతూ పోతుంది. సగం తీసుకుంటే నూరోవంతు కిందికి దిగడానికి 7వ ఘాతం చాలు. 0.9 తీసుకుంటే 44 దాకా పోవాలి. 0.99 అయితే 459. ఒక్కో సంఖ్యకి ఒక్కో ఎన్ ఉంది, ఎంత పెద్దదైనా ఉంది. కానీ అన్నింటికీ కలిపి సరిపోయే ఒకే ఎన్ లేదు. ఒకటికి దగ్గరయ్యేకొద్దీ అది పెరుగుతూనే పోతుంది. సరిగ్గా ఒకటి దగ్గరున్నది మాత్రం ఎన్నిసార్లు గుణించినా ఒకటే. కదలదు. విడివిడిగా అన్నీ చేరడం వేరు, అన్నీ ఒకే ఎన్‌తో చేరడం వేరు. ఈ తేడా చిన్నదేం కాదు. కోషీ అంతటివాడు 1821లో అచ్చేసిన పుస్తకంలో ఇక్కడే పొరపాటు పడ్డాడు. ఆ సిద్ధాంతానికి మినహాయింపులు ఉన్నాయని 1826లో ఆబెల్ చూపించాడు. ఆబెల్ నార్వేవాడు, పేదరికంలో బతికి 26 ఏళ్ళకే క్షయతో పోయాడు. ఇవన్నీ తర్వాత తెలిసినవి. కోషీ తప్పిన చోట మా సారు 'క్లియర్లీ' అన్నారు.

ఆ తేడా క్లాసులో ముందు బెంచీలకంటే నాకే ముందు ఎక్కింది. ఎందుకంటే అది నా సంగతే అనిపించింది. మా క్లాసులో ప్రతి ఒక్కడికీ ఒక ఎన్ ఉంది. వాడికి ఏడు క్లాసులు చాలు. నాకు 459 కావాలి. పరీక్ష మాత్రం అందరికీ ఒకే ఎన్ దగ్గర పెట్టి, అక్కడికి చేరనివాడికి మెరిట్ లేదంటారు. ఇక మా అక్క. నా చదువు సాగాలని ఐదో తరగతిలో బడి మాన్పించి పొలానికి పంపారు. నాకంటే అక్కకే లెక్కలు బాగా వచ్చేవి. అక్క ఆ ఒకటి దగ్గర నిలబడిపోయింది. పోలికతో ఏదీ రుజువు కాదని నాకు తెలుసు. కానీ పోలిక లేకుండా ఆ లెక్క నాకు అర్థమయ్యేది కాదు.

అసైన్‌మెంటులో అడిగింది అదే. అన్నింటికీ ఒకే ఎన్ లేదని రుజువు చెయ్యమని. అందరూ వర్గమూలాల్లాంటి ఎన్‌వ మూలం తీసుకుని చేశారు. నాకది తట్టలేదు. నాకు తెలిసిన ఒకే ఆయుధం ఇంటర్లో నేర్చుకున్న గణితానుగమనం. నువ్వు ఏ ఎన్ చెప్పినా సరే, ఒకటిలోంచి రెండు ఎన్‌లలో ఒకవంతు తీసేసిన సంఖ్యని తీసుకుంటా, దాని ఎన్‌వ ఘాతం సగానికి తగ్గదు అని అనుగమనంతో చూపించా. చుట్టుదారే, కానీ దారి సరైంది. రాత్రి రెండింటికి అయింది. పుస్తకం మూసి మళ్ళీ మొదటినుంచి రాశా. మళ్ళీ వచ్చింది. బయటికి పోయి హాస్టలు పిట్టగోడ మీద తెల్లారేదాకా కూర్చున్నా. పొద్దున లైబ్రరీ మెట్ల మీద మా క్లాసు అమ్మాయి ఒకామె కనపడితే నిలబెట్టి మొత్తం చెప్పాను. ఆమెదీ మాలాగే సంక్షేమ హాస్టలు చదువు. ప్రకాశం జిల్లా, మాలపల్లె. నా అంత తెలుగు మీడియమే అయినా ఏనాడూ ఎవరిదీ చూసి రాయలేదు. ఆమెకి సగం మార్కులే వచ్చేవి. ఆ సగం ఆమెవి.

ఆ సాయంత్రం మా క్లాస్‌మేటు నా గదికొచ్చాడు. పెళ్ళికి పోయి అప్పుడే దిగాడట. "ఈసారి నీది ఇవ్వవోయ్" అన్నాడు. నా గదికొచ్చి నా కాయితాలు అడిగిన మొదటి మనిషి. కాదని ఎట్టా అంటాను? సంతోషంగా ఇచ్చా.

వారానికి సారు ఇద్దర్నీ తన గదికి పిలిపించారు. బల్లమీద రెండు కాయితాలు పక్కపక్కన పెట్టారు. క్లాసులో ఎవరూ పోని దారిలో ఇద్దరం పోయాం. ఇద్దరి కాయితాల్లోనూ ఒకేచోట ఎర్రసిరా సున్నా చుట్టారు. 'ఇండక్షన్' స్పెల్లింగులో 'సి' లేదు. ఆ మాటని నేనెప్పుడూ ఇంగ్లీషులో రాసి ఎరగను, తప్పు రాశా. చిన్నప్పటినుంచీ ఇంగ్లీషులో చదివినవాడు దాన్ని తప్పుతో సహా ఎత్తి రాశాడు. ఎవరిది అసలో ఎవరిది నకలో ఆ ఒక్క అక్షరం చెబుతూనే ఉంది. సారు సున్నా చుట్టారు గానీ దాన్ని చదవలేదు.

"ఎవరు కాపీ కొట్టింది?" అన్నారు. అడిగింది ఇద్దర్ని, చూసింది నన్ను. వాడు నేల చూపులు చూస్తున్నాడు.

"నేనే సార్" అన్నాను.

"తెలుసు" అన్నారాయన. ఒక్క క్షణం ఆగి, "కనీసం నిజం ఒప్పుకున్నావు. అది మెచ్చుకోవాల్సిందే" అన్నారు. ఆ రెండేళ్ళలో ఆయన నన్ను మెచ్చుకున్నది ఆ ఒక్కసారే. అబద్ధానికి.

నాకు సున్నా. వాడికి పదికి తొమ్మిది. స్పెల్లింగుకి ఒక మార్కు తీశారు.

ఎందుకన్నాను? భయమా? భయపడితే నోరు మూసుకుని నిలబడేవాణ్ణి. కృతజ్ఞతా? పదకొండుసార్లు వాడు నాకిచ్చాడు, ఒక్కసారి నేనిచ్చాను, చెల్లు అనుకున్నానా? కొంత అదీ ఉంది. అసలు సంగతి ఇంకా చిన్నది. ఇంకా మూడు అసైన్‌మెంట్లు మిగిలున్నాయి. వాణ్ణి పోగొట్టుకుంటే అవి ఎవరిస్తారు? నా మొదటి రుజువుని, నేను నేనుగా చేసిన ఒకే ఒక్కదాన్ని, రాబోయే మూడు కాపీలకి అమ్మాను. ఏకలవ్యుడి బొటనవేలు ఇక్కడికి తేను. ఆ వేలు మన సాహిత్యంలో ఇప్పటికే చాలాసార్లు తెగింది. పైగా నన్నెవరూ అడగలేదు. నేనే కోసిచ్చా.

సారు ఒక్కమాట అని ఉండొచ్చు. "ఏదీ, ఎవరు చెయ్యగలరో బోర్డు మీద చెయ్యండి" అని. అంబేడ్కర్ బొంబాయిలో హైస్కూలు చదివేటప్పుడు పంతులు ఆయన్ని లెక్క చెయ్యమని బోర్డు దగ్గరికి పిలిస్తే, బోర్డు వెనక పెట్టుకున్న టిఫిన్ డబ్బాలు మైలపడతాయని పిల్లలంతా ఎగబడి తీసుకున్నారని ధనంజయ్ కీర్ రాశాడు. పిలిచాడు గదా ఆ పంతులు! మా రోజులకి బోర్డు వెనక డబ్బాలు లేవు. పిలుపూ లేదు.

ఇంతవరకే అయితే ఇది నా సొంత గొడవ. రాయనక్కరలేదు.

తర్వాతి ఇంటర్నల్ పరీక్షకి మా క్లాసు ఎస్సీలం నలుగుర్నీ పేర్లు పిలిచి మొదటి వరస బెంచీల్లో విడివిడిగా కూర్చోబెట్టారు. కారణం ఎవరూ చెప్పలేదు. ఎవరూ అడగలేదు. వాడు ఎప్పటిలాగే తన స్నేహితుల మధ్య కూర్చున్నాడు. పదమూడో అసైన్‌మెంటుకి ఆ అమ్మాయి మొదటిసారి అన్ని లెక్కలూ చేసింది. సారు ఆమె కాయితం పైకెత్తి అందరిముందూ "ఇది నువ్వే చేశావా?" అని అడిగారు. ఆమె అవునంది. "చూద్దాం" అని పక్కన పెట్టారు. ఆ కాయితానికి సగం మార్కులే పడ్డాయి.

ఆ సాయంత్రం లైబ్రరీ మెట్ల దగ్గర ఆమె నన్ను ఆపింది. "ఆ లెక్క నువ్వు నాకు చెప్పావు గదా. మరి కాపీ కొట్టానని ఎందుకన్నావు?" నా దగ్గర మాట లేదు. "నీ మార్కులు నువ్విచ్చుకున్నావు, నీ ఇష్టం. నావి ఇవ్వడానికి నువ్వెవరు?" అంది.

నాకు తెగని లెక్క ఇదే. వాడు కాపీ కొట్టాడు, పైగా నిజం తెలిసి నోరు మూసుకున్నాడు. వాడి తప్పు వాడిదే. వాడి కులంలో ఇంకొకణ్ణి ఎవరూ ముందు బెంచీకి పిలవలేదు. నేను చెయ్యని తప్పు ఒప్పుకుంటే అది మా నలుగురిదీ అయింది. అనుగమనంలో రెండు మెట్లుంటాయి. మొదటిదానికి నిజమని చూపాలి. ఆ తర్వాత, ఏదైనా ఒకదానికి నిజమైతే దాని పక్కదానికీ నిజమవుతుందని చూపాలి. రెండో మెట్టు లేకుండా వెయ్యింటికి చూపించినా రుజువు కాదు. మా విషయంలో మాత్రం ఒక్కడు చాలు, రెండో మెట్టు ఎవరూ అడగరు. లెక్కల సారు కూడా అడగలేదు. ఎఫ్.ఎ. పాసుకాని రామానుజన్ని చూసి, ఆయన కులానికి మెరిట్ లేదని ఎవరైనా అన్నారా?

అట్టాగని నన్ను నేను వదిలిపెట్టుకోవచ్చా? అది వాళ్ళ తప్పుడు అనుగమనం, దానికి బాధ్యత వాళ్ళది, నా అబద్ధం నా సొంతం అనొచ్చు. వాదనగా అది సరైందే. కానీ వాళ్ళు అట్టాగే చేస్తారని నాకు ముందే తెలుసు. తెలిసీ వాళ్ళ చేతికి ఆ మొదటి మెట్టు నేనందించా. ఇంకోపక్క చూస్తే, అబద్ధమాడినా, పిరికిపడినా, కాపీ కొట్టినా నా కులం మొత్తాన్ని వీపుమీద మోస్తూనే చెయ్యాలంటే అదేం న్యాయం? సొంతంగా తప్పు చేసే హక్కు కూడా అగ్రకులాలకేనా? ఈ రెండూ నిజమే. రెండింటినీ కలిపే వరస నాకింకా దొరకలేదు. ఎవరికన్నా 'క్లియర్లీ' అనిపిస్తే, ఆ మధ్య వరసలు నాకు రాసి చూపించమని అడుగుతున్నా.

మా సంఘం అన్నలకి ఈ సంగతి తెలిసి, దరఖాస్తు పెడదాం, నిజమేందో చెప్పు అన్నారు. వాళ్ళక్కూడా కాపీ కొట్టాననే చెప్పా. ఆ జూలైలోనే ఈదుముడిలో దండోరా మొదలైంది. మాలలు, మాదిగలు ఎవరి వాటా ఎంత అని మేం నిలదీసుకున్నాం. తీసుకోవాల్సిందే. నాకా అమ్మాయితో మాటలు తగ్గింది కూడా ఆ రోజుల్లోనే. కానీ పేర్లు పిలిచి ముందు బెంచీల్లో కూర్చోబెట్టినప్పుడు ఎవరు మాల, ఎవరు మాదిగ అని సారుకి తెలియదు. తెలుసుకోవాల్సిన పనీ లేదు.

2011లో డిగ్రీ స్పాట్ వాల్యుయేషన్‌లో ఆమె మళ్ళీ కనపడింది. ఇద్దరం లెక్చరర్లం. ఒకే బల్ల. రెండోరోజు మధ్యాహ్నం ఆమె కట్టలోంచి రెండు పేపర్లు తీసి నా ముందు పెట్టింది. ఒకే లెక్క, ఒకే దారి, ఒకేచోట ఒకే తప్పు. పేర్లు లేవు, కోడ్ నంబర్లే.

"ఏం చేద్దాం?" అన్నా.

"ఎవరు ఎవరిది చూసి రాశారో నీకేమన్నా తెలిసిద్దా?"

"తెలియదు."

మళ్ళీ కళ్ళద్దాలు పెట్టుకుని రెండూ మొదటినుంచి చదివింది. తప్పున్న చోట రెండింట్లోనూ ఒక్కొక్క మార్కు తీసి, మిగతావి వేసి, కట్టలో పెట్టేసింది. "1994 ఫిబ్రవరి నాటిది నీ దగ్గరుందా?" అని అడిగింది.

ఉందన్నాను.

"తీసుకురా ఈసారి. ఆ మధ్యలో మెట్టు ఎట్టా దాటావో మర్చిపోయా" అని తర్వాతి పేపరు తీసింది.